ప్రస్థానం మూటకు కాపలా

నా పేరు జమేదార్. ఫ్యాక్టరీ గేటు దగ్గర జమేదారు వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ ఎలా నిలదీస్తాడో నేనూ అలాగే నిలదీస్తున్నానని చలపతిరావుగారు ఆ పేరు పెట్టారు. పేరు పెట్టాక ఉద్యోగం చెయ్యకపోతే ఎలా? నల్లగండ్లలో మేమున్న వీధిలో నా అనుమతి లేకుండా కోడిపెట్ట కూడా మా గడప ముందునుంచి పోలేదు. నాకు కోపం ఎక్కువంటారు. ఎక్కువే. కాదన్నదెవరు? మొరిగే కుక్క కరవదని మా వీధివాళ్ళు ధైర్యంగా చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో మా పోస్టుమాన్ పంట్లాముని అడగాలి.

డెబ్బై నాలుగు వేసవిలో ఆ పోస్టుమాన్ తెచ్చిన కవరుతోనే మా ఇంట్లో సందడి మొదలైంది. చలపతిరావుగారికి టాంజానియా అనే దేశంలో, చక్కెర ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఉద్యోగం వచ్చింది. బొంబాయి దాకా రైలు, అక్కడినుంచి ఓడ. ఆయన ఆ ఉత్తరాన్ని వరండాలో నిలబడి మూడుసార్లు చదివారు. ఆయన భార్య రాజరాజేశ్వరిగారు అట్లకాడ చేత్తో పట్టుకునే మూడుసార్లూ విన్నారు. లోపల అట్టు మాడిపోయింది. మాడిన అట్టు నాకే వచ్చింది కాబట్టి ఆ దేశం మంచిదేనని నేను అప్పుడే తేల్చేశాను.

"జమేదార్ కూడా వస్తాడుగా నాన్నా?" అని అడిగింది నాగేశ్వరి. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. నాకు మూడు. అయినా మా ఇద్దరిలో పెద్దవాణ్ణి నేనేనని ఇద్దరికీ తెలుసు.

"రాక? వాడు లేకుండా మనమెక్కడికి పోతామే?" అన్నారు చలపతిరావుగారు.

"ఏమిట్రా, ఆ కుక్కనా?" అన్నారు లోపలినుంచి ఆయన తల్లి పుణ్యవతిగారు. "కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదడమని ఊరికే అన్నారా? నువ్వు ఏకంగా సముద్రమే దాటతానంటున్నావు."

ఆ సామెత కట్టినవాడెవడో నాకింతవరకు దొరకలేదు. దొరికిన రోజు చూద్దాం.

చలపతిరావుగారు పట్టు వదలలేదు. నన్ను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూదిమందు వేయించారు. నేను కుయ్యిమనలేదు. కొంచెం అన్నాను. డాక్టరు ఒక కాగితం మీద సంతకం చేశాడు. ఆ కాగితం సముద్రం దాటి వెళ్ళి, రెండు నెలలకి ఇంకో కాగితమై తిరిగొచ్చింది. ఒక కుక్క, మగది, గోధుమరంగు, ఆరోగ్యంగా ఉన్నది, రావచ్చును అని అందులో రాసి ఉందట. నాగేశ్వరి దాన్ని నా ముక్కు దగ్గర పెట్టి చదివి వినిపించింది. నేను వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్నిసార్లు పరుగెత్తానో నాకే తెలియదు. ఓ దేశం దేశమే నన్ను రమ్మంటే కాలు ఒకచోట నిలుస్తుందా!

ఇక ఇల్లంతా వాసనలే. కొత్త తోలు పెట్టె వాసన, కలరా ఉండల వాసన, జాడీల్లోంచి రేకు డబ్బాల్లోకి మారుతున్న ఆవకాయ వాసన. అన్నిటినీ పరీక్ష చేసి పంపాల్సిన బాధ్యత నాది కదా, ఆవకాయ దగ్గర కాస్త ఎక్కువసేపు పరీక్ష చేసి రెండు రోజులు నాలుక బయట వేసుకుని తిరిగాను. ఆ దేశంలో సింహాలుంటాయని నాగేశ్వరి చెప్పింది. సింహమంటే ఏమిటో నేను చూడలేదు. కుక్కకంటే పెద్దదట. మాదాపూర్ గుట్టల్లోంచి వచ్చే కుక్కలు కూడా నాకంటే పెద్దవే. అవి మా వీధి మలుపు దగ్గర ఎలా తోకలు ముడుస్తాయో సింహాలకి ఎవరైనా ముందే చెప్పి ఉంచితే మంచిది.

నిజం చెప్పాలంటే సింహాల కోసం కాదు, ఓడ కోసమూ కాదు. మా వాళ్ళు నలుగురూ ఎక్కడుంటే నేనక్కడుండాలి. నాకంతే కావాలి. అదొక్కటే ఆ కాగితంలో నాకర్థమైంది.

బొంబాయి రైలు ఆదివారం. పుణ్యవతిగారు కళ్ళద్దాలు పెట్టుకుని పంచాంగం తిప్పి ఉలిక్కిపడ్డారు.

"ఆదివారం పడమటి దిక్కుకి శూలరా చలపతీ! బొంబాయి పడమరే కదూ?"

"రైలు ఆదివారమేనమ్మా. ఓడ మనకోసం ఆగదు."

"ఓడ ఆగక్కర్లేదు. గురువారం మంచిది. ఆ పూట ప్రస్థానం పెట్టేస్తే మనం ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. ఆదివారం రైలెక్కినా దోషముండదు."

ప్రస్థానమంటే ఏమిటో ఆ గురువారం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. ఉదయాన్నే పుణ్యవతిగారు తెల్లటి గుడ్డకి నాలుగు మూలలా పసుపు రాశారు. అందులో బియ్యం, వక్కలు, పసుపు కొమ్ములు పోసి, చలపతిరావుగారి పాత చొక్కా, రాజరాజేశ్వరిగారి రవికె, నాగేశ్వరి రిబ్బను, తన తులసిపూసల దండ పెట్టి మూట కట్టారు. ఆ మూటని పడమటి వైపున్న ఎదురింటికి తీసుకెళ్ళి, సత్తెమ్మ వరండాలో పీట మీద పెట్టి, దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేశారు.

సత్తెమ్మ నాకు కొత్త కాదు. నేను పుట్టింది ఆమె గడ్డివాము పక్కనే. మంచి మనిషి, పాడి ఉన్న మనిషి. కానీ మంచితనం వేరు, మా ఇంటి సామాను వేరు. చలపతిరావుగారి చొక్కా పరాయింటి పీట మీద ఎందుకుండాలి? ఉన్నా, గంటసేపయినా ఎవరూ తిరిగి తెచ్చుకోరేం? పెట్టెలు సర్దుకుంటున్న హడావుడిలో మా వాళ్ళు మరిచిపోయారనుకున్నాను. ఇలాంటప్పుడే కదా జమేదారు ఉండాల్సింది! సత్తెమ్మ బర్రెలకి కుడితి పెట్టడానికి పెరట్లోకి వెళ్ళగానే నేను వరండా ఎక్కి, మూట ముడిని పళ్ళతో పట్టుకుని, ఒక్క బియ్యపు గింజ రాలకుండా వీధి దాటించి, తెచ్చి పుణ్యవతిగారి కాళ్ళ దగ్గర పెట్టాను. పెట్టి, మెచ్చుకుంటారని తోక ఊపుతూ నిలబడ్డాను.

పుణ్యవతిగారు చేతిలో చేట వదిలేశారు.

"అయ్యో అయ్యో! ప్రస్థానం వెనక్కొచ్చేసిందిరా! ఇంక ప్రయాణమేముంది!"

రాజరాజేశ్వరిగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి మూటని చూసి, "ఏం పని చేశావురా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. చలపతిరావుగారు మూట తీసుకుని చంకలో పెట్టుకున్నారు.

"ఎవరూ చూళ్ళేదు కదమ్మా. మళ్ళీ గప్‌చిప్‌గా పెట్టేసొస్తా."

"ఎవరూ చూడకపోతే? పంచాంగం చూడలేదుట్రా? పెట్టిన మూట గడప దాటి లోపలికొస్తే పోయినవాళ్ళు మధ్యలోంచే తిరిగొస్తారని మా అమ్మ చెప్పేది. సముద్రం మధ్యలోంచి ఎలా తిరిగొస్తావురా?" పుణ్యవతిగారిది కోపం కాదు. భయపడినప్పుడు మనిషి వాసన మారుతుంది, ఆవిడ వాసన మారింది. "ఈ కుక్కే అడ్డం. ముందునుంచీ చెబుతూనే ఉన్నా. దీన్ని సత్తెమ్మకి ఇచ్చేద్దాం. అప్పుడు మళ్ళీ మంచిరోజు చూసి పెడతా. లేదంటే నేను రైలెక్కను."

నాగేశ్వరి ఏడుపందుకుంది. చలపతిరావుగారు ఏమంటారోనని నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా ముఖం చూడలేదు. మూట పట్టుకుని నేలవైపు చూస్తూ, "సరేలే, ఆలోచిద్దాం" అన్నారు. మా ఇంట్లో ఆలోచిద్దామంటే ఒప్పుకున్నట్టే. సముద్రం దాటి వచ్చిన కాగితం, నేను కుయ్యిమన్న సూదిమందు, అన్నీ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. నాకు దుఃఖమొచ్చింది. ఒళ్ళు మండింది కూడా. సామాను కాపాడినవాడికి దక్కే జీతం ఇదా?

ఈ గోల విని సత్తెమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైంది పెద్దమ్మా, గిట్ల పరేషానైతున్నవ్?"

సంగతంతా విని ఆమె నవ్వలేదు. మూట విప్పించి లోపల ఏముందో చూసింది.

"పెద్దమ్మా, జర నా మాట ఇను. సారుది అంగి పెట్టినవ్. అమ్మది రైక పెట్టినవ్. పిల్లది, నీది పెట్టినవ్. మరి వీనిది ఏం పెట్టినవ్?"

పుణ్యవతిగారు నావైపు తిరిగి చూశారు.

"ఏం పెట్టలె. పోయెటోళ్ళు మీరు నలుగురే, నేను ఈడ్నే ఉండెటోన్ని అనుకున్నడు వాడు. ఇంటికాడ ఉండెటోడు ఇంటి సామాను తెచ్చి ఇంట్ల పెడ్తడా, పెట్టడా? వాని తప్పేంది గిందుల? నాకిస్తే నేను వద్దంటనా? నా కొట్టంల పుట్టినోడు, నాకూ పానమే. కానీ వాడు నా ఇంట్ల ఉండడు పెద్దమ్మా. మీరు పోయిన తొవ్వ చూసుకుంట స్టేషన్ల పండుకుంటడు."

సత్తెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఆమె పాదం మీద గడ్డం ఆనించాను.

పుణ్యవతిగారు మూట ముందు కూర్చున్నారు. మూటలోంచి ఒక్కొక్క వస్తువే తీసి, మళ్ళీ ఒక్కొక్కటే పెట్టారు. లెక్క తప్పింది తనవల్లేనని ఆవిడకి తట్టినట్టుంది. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు కాబట్టి పైకి మాత్రం పంచాంగాన్ని విసుక్కున్నారు. తరవాత, "రాజేశ్వరీ, శనివారం రాహుకాలం రాకముందు ఎనిమిదింటికి బాగానే ఉంది. ఆ కుక్క పళ్ళెం ఇటు పట్రా" అన్నారు.

నా పళ్ళెం అల్యూమినియంది, ఒక పక్క సొట్ట. పుణ్యవతిగారు దాన్ని చింతపండుతో తోమి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టారు. అంత తళతళలాడుతుంటే నాదో కాదోనని వాసన చూసి రూఢి చేసుకోవాల్సొచ్చింది. శనివారం ఎనిమిదింటికి ఆ పళ్ళెం కూడా మూటలో చేరి ఎదురింటి పీట ఎక్కింది. ఈసారి అందరూ గుమ్మంలో నిలబడి, ఊపిరి బిగబట్టి నావైపే చూశారు.

నేను వరండా ఎక్కాను. మూట చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూశాను. ఐదు వాసనలున్నాయి. ఐదోది నాది. ఒళ్ళంతా ఝల్లుమంది. అంటే నన్నూ కలిపారు! ఇంక దీన్ని ఎక్కడికి తీసుకుపోవాలి? పీట పక్కనే పడుకున్నాను. ఆ పూట నుంచి సత్తెమ్మని కూడా పీట దగ్గరికి రానివ్వలేదు. ఆమె భర్త సాయిలు బీడీ కట్ట కోసం అటుగా వస్తే పళ్ళు చూపించాను.

"ఇదేందిరో! నా ఇంట్ల నన్నే బెదిరిస్తున్నడు!" అని సాయిలు నవ్వుతూ పోయాడు.

ఆదివారం సాయిలు బండి మీదే మేము లింగంపల్లి స్టేషనుకి చేరాం. పెట్టెలు, పరుపుచుట్టలు, ఆవకాయ డబ్బాలు, వాటి మధ్య నేను. వెళుతూ వెళుతూ సత్తెమ్మ పీట మీంచి తీసుకున్న మూట పుణ్యవతిగారి ఒళ్ళో ఉంది. దారి పొడుగునా నా తోక ఆగితే ఒట్టు. రైలు వచ్చింది. ఇంత పెద్ద చప్పుడు చేసేదాన్ని మొరగకుండా వదిలెయ్యడం నావల్ల కాలేదు. అది వెనక్కి తగ్గలేదు. పరవాలేదు, దాని ఉద్యోగం దానిది.

చిక్కు అక్కడే వచ్చింది. కుక్కల్ని మనుషులతో ఎక్కనివ్వరట. గార్డు పెట్టెలో ఇనపతలుపున్న చిన్న అర ఉంది, అందులో దూరాలి. లోపల చీకటి. అంతకుముందు అందులో పోయిన కుక్క ఎవరోగానీ పాపం బాగా భయపడినట్టుంది, ఆ వాసన ఇంకా ఉంది. సింహాలకి భయపడని నేను ఆ అర చూసి నాలుగు కాళ్ళూ నేలకి బిగించేశాను. చలపతిరావుగారు గొలుసు లాగారు. బతిమాలారు. బిస్కెట్టు చూపించారు. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

"జల్దీ చెయ్యుండ్రి సార్, బండి రెండు నిమిషాలే ఆగుతది" అన్నాడు గార్డు జెండా విప్పుతూ. "ఎక్కకపోతే ఇడిసిపెట్టుండ్రి, ఏం చేస్తం మరి."

విడిచిపెట్టమనే మాట నాకు బాగా తెలుసు. ఎక్కాలనే ఉంది. గుండె ఎక్కుతోంది, కాళ్ళు ఎక్కడం లేదు. మా పెట్టె కిటికీలోంచి నాగేశ్వరి నా పేరు పెట్టి అరుస్తోంది.

అప్పుడు పుణ్యవతిగారు రైలు దిగారు. మూట చంకనెత్తుకుని, ఆ వయసులో, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ప్లాట్‌ఫారమంతా పరుగెత్తుకొచ్చారు.

"తప్పుకోరా చలపతీ!"

వంగి, ఆ మూటని ఇనప అరలోపలికి తోశారు. చొక్కా, రవికె, రిబ్బను, తులసిపూసలు, అన్నీ చీకట్లోకి పోయాయి.

"ఒరేయ్ జమేదారూ, మా అందరి ప్రయాణం అందులో ఉంది. నీ ఇష్టం మరి" అన్నారు.

ఎప్పుడు దూకానో నాకు గుర్తులేదు. దూకి, మూట మీద గడ్డం పెట్టుకున్నాకే చీకటి సంగతి తెలిసింది. తలుపు పడింది. ఈల మోగింది. కింద భూమి మొత్తం కదిలింది, నా పళ్ళు టకటకలాడాయి, అయినా నాకు నవ్వొచ్చినట్టే ఉంది. వెళుతున్నాను! పేరుతో పిలిపించుకుని మరీ వెళుతున్నాను! సందులోంచి గాలి, బొగ్గు, తడిమట్టి, తెలియని ఊళ్ళ వంటింటి పొగ ఒకదాని వెనక ఒకటి ముక్కులోకి దూసుకొచ్చాయి. దేన్నీ మొరగకుండా వదల్లేదు.

వికారాబాదులో బండి చాలాసేపు ఆగింది. నేను మూట మీద ఉలిక్కిపడి లేచాను. బయట పుణ్యవతిగారి గొంతు.

"మూట ఎలా ఉందో ఒకసారి చూసుకోవాలి, తలుపు తియ్యి నాయనా" అని గార్డుని అడుగుతున్నారు.

"నేను చూసొస్తాగా అమ్మా" అంటున్నారు వెనకాల చలపతిరావుగారు నీళ్ళచెంబుతో.

"నువ్వుండరా."

తలుపు తెరుచుకుంది. పుణ్యవతిగారు వంగి రెండు చేతులూ దోసిలి పట్టారు. చలపతిరావుగారు అందులో నీళ్ళు పోశారు. ఆవిడ వేళ్ళసందుల్లోంచి నీళ్ళు కారిపోతుంటే నేను గబగబా నాకి తాగాను. మళ్ళీ పోయించారు. మళ్ళీ తాగాను. మూడోసారి నేను చాలన్నట్టు తల తిప్పుకున్నాక, తడి చెయ్యి నా తల మీద ఒకసారి వేసి తీశారు.

"తాగాడు" అన్నారు కొడుకుతో. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెట్టె వైపు వెళ్ళిపోయారు. మూట వైపు చూడనే లేదు.