చివరి వరసలో పాత పెట్టె

ఒకే పెద్ద సర్వరు లోపల పన్నెండు కంప్యూటర్లుగా పని చెయ్యాల్సిన పన్నెండు కొత్త వర్చువల్ మెషీన్లలో, పదకొండు పొద్దున్నే బుద్ధిగా లేచాయి. పన్నెండోది మొండికేసింది. రెండు నిమిషాలు పలుకుతుంది, మూగబోతుంది, మళ్ళీ పలుకుతుంది. ఆసుపత్రి వాళ్ళ రక్తపరీక్షల రిపోర్టులు డాక్టర్లకి చేరాల్సింది సరిగ్గా దాని మీదుగానే. ఆ మెషీన్లు చూసుకునే అడ్మిన్ కాసేపు చూసి, "వచ్చి పోతోందంటే కేబులే" అని తేల్చేసింది. తొమ్మిదింటికి మేనేజరుకి అదే రాసి పంపింది.

ఆ కేబుళ్ళు వేసే మనిషి ఆమె సొంత అక్క మొగుడు. ఇదివరకే ఒకసారి మాటపడ్డవాడు. మేనేజరు గాజు తలుపు తోసుకొచ్చి, అతనితో "పన్నెండింటిలోగా బాగుపడకపోతే కార్డు ఇచ్చేసి ఇంటికెళ్ళు. ఇది రెండోసారి" అని చెప్పిపోయాడు. ఇంతదాకా వస్తుందని ఆమె అనుకోలేదట! రాసేముందు ఒక్క క్షణం ఆలోచిస్తే ఆమె సొమ్మేం పోయేది?

"మూడుసార్లు మార్చాను మరదలా," అన్నాడు బావ, ఆ చలిగదిలో చెవులు రుద్దుకుంటూ. "ఒక్కసారి నీ మెషీన్ ఆపి చూడు."

"ఆపితే ఏం తెలుస్తుంది బావా?"

"నెట్‌వర్కులో దానికిచ్చిన అడ్రసులో ఇంకెవరైనా కాపురముంటున్నారేమో తెలుస్తుంది."

ఆపింది. ఆ అడ్రసుకి పిలుపు పంపింది. ఉలుకూ పలుకూ ఉండకూడదు గదా, టక్కున బదులొచ్చింది. ఒకే అడ్రసుకి రెండు మెషీన్లు పలుకుతుంటే పాపం రిపోర్టులు ఎటు పోతాయి? ఆమె అడ్రసుల రిజిస్టర్ తీసింది. ఆ అడ్రసు ఎదురుగా పన్నెండోది తప్ప ఇంకో పేరు లేదు.

"రిజిస్టర్లో రాయకుండా అడ్రసు పెట్టిన దౌర్భాగ్యులెవరో గానీ, చెయ్యి విరగ్గొట్టాలి!" అంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆమె చెప్పే పాఠం అదే.

బావ ఆ బదులొచ్చే కేబుల్ పట్టుకుని, నేల పలకలు ఎత్తుకుంటూ చివరి వరసదాకా వెళ్ళాడు. అక్కడ అడుగున దుమ్ము కొట్టుకుపోయిన సర్వరు. దాని మీద టేపు, టేపు మీద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు'. ఇదివరకు అడ్మిన్‌గా చేసి రిటైరైపోయిన పెద్దాయనదని అందరి నమ్మకం. పదకొండేళ్ళుగా గది సర్దినప్పుడల్లా దాని చుట్టూ సర్దారే తప్ప, అదేం చేస్తోందని అడిగిన నాథుడు లేడు.

ఆమె కీబోర్డు తగిలించింది. చివరిసారి ఎవరు లాగిన్ అయ్యారో తెరమీద కనబడింది. తనే. తేదీ చూస్తే ఉద్యోగంలో చేరిన మొదటి వారం. పని నేర్చుకుందామని పెట్టుకుంది, ఎవరూ ఆపకుండా టేపు అంటించింది, ఆ తరవాత శుభ్రంగా మరిచిపోయింది. లోపల ఒక్క ఫైలు లేదు.

బావ కేబుల్ లాగేశాడు. ఆమె మెషీన్ మళ్ళీ లేపింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పన్నెండోది చెక్కుచెదరలేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా మేనేజరు వచ్చాడు.

"ఎవరిదా పెట్టె? పెద్దాయన నిర్వాకమేగా? అలాగే రాసి పడెయ్యి, గొడవుండదు."

బావ కేబుల్ చుట్ట చుట్టుకుంటున్నాడు, తలెత్తలేదు. అవునండీ అంటే చాలు. పెద్దాయన వచ్చి అడగబోతాడా, పెడతాడా. ఆమెకి అనాలనే ఉంది.

"నాదండీ," అంది. "కేబుల్లో తప్పు లేదు. పొద్దున నేను రాసింది తప్పు."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూశాడు. "రేపట్నుంచి ఈ మెషీన్ల పని ఇంకొకరు చూస్తారు," అని వెళ్ళిపోయాడు.

బావ ఒక మంచిమాట అంటాడేమోనని చూసింది. అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"నా ఉద్యోగం పోయేట్టుందని పొద్దునే మీ అక్కకి చెప్పేశాను. అప్పట్నుంచీ ఏడుస్తోంది," అన్నాడు. "ఎందుకు పోబోయిందో నువ్వే చెప్పు."

ఆమె చేతిలో పెట్టేసరికే అవతల రింగవుతోంది.