కాపలా లేని కేబుల్

వెల్డర్‌కి నిప్పంటే భయముండదంటారు. అలా అన్నవాణ్ణి పట్టుకొచ్చి ఆ మధ్యాహ్నం ఆ బ్యాటరీల ముందు నిలబెట్టాలి.

పక్కగదిలో అత్తగారు ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకుంది. బయట కరెంటు పోయింది. ఆమె ఊపిరి మిషన్ నడుస్తున్నది వెల్డరైన అల్లుడు సొంతంగా కట్టిన లిథియం బ్యాటరీల మీదే. వాటి ఇనుప స్టాండూ అతని చేతిపనే. తల్లిని చూడ్డానికొచ్చిన మరదలు సోలార్ పనులు చేస్తుంది. స్టాండు ముందు గొంతుక్కూర్చుంది.

"ఫ్యూజు ఎక్కడ బావా?"

"తలుపు పక్కన. చేతికందాలిగా."

"బ్యాటరీ ఇక్కడ, ఫ్యూజు అక్కడ. మధ్యలో ఈ కేబుల్‌కి కాపలా ఎవరు, నువ్వా?"

"వచ్చీ రాగానే వంకలు. అచ్చం మీ అక్క పోలికే."

"మరి మైనస్‌ని స్టాండుకెందుకు బిగించావ్?"

"మా వెల్డింగ్ మిషన్‌కి అలాగే ఇనుముకి తగిలిస్తాం. అలవాటు."

ఆమె వేలితో చూపించింది. ప్లస్ కేబుల్ స్టాండు మూల మీదుగా వంగి ఉంది. కోసిన అంచుని అతను నున్నగా అరగదీయలేదు. ఇన్వర్టర్ ఫ్యాన్ తిరుగుతుంటే స్టాండు సన్నగా వణుకుతోంది. రబ్బరు చీలి లోపల రాగి మెరుస్తోంది. రాగికీ ఇనుముకీ మధ్య గోరంత సందు.

 వెల్డింగ్ రాడ్డు ఇనుముని తాకితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడైతే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఇక్కడ వెనక్కి తీయడానికి చెయ్యి లేదు, మధ్యలో తెగడానికి ఫ్యూజూ లేదు. గోడకవతలే అత్త మంచం.

"అక్కా, అమ్మకి ఆక్సిజన్ సిలిండర్ పెట్టు. మిషన్ ఆపుతున్నాం," మరదలు పక్కగదిలోకి కేకేసింది.

"ఇప్పుడెందుకే?"

"మీ ఆయన నిర్వాకం సర్దాలి."

"పెట్టాను," అని వినిపించాక ఇన్వర్టర్ ఆపింది. స్టాండు వణుకు ఆగింది. అతను పానా మూతి వదిలి మిగతాదంతా టేపు చుట్టాడు.

"ఇలా ఇవ్వు, నేను తీస్తా."

"బిగించింది నేను."

పానా జారి స్టాండుకి తగిలింది. టంగుమంది. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఏమీ కాలేదు. రెండోసారి నట్టు కదిలింది. మైనస్ వైరు స్టాండుని వదిలేదాకా అతను ఊపిరి తీసుకోలేదు. తర్వాత చీలిన కేబుల్‌ని కూడా ఊడదీసి పారేశారు.

మరదలు తలుపు పక్కనున్న ఫ్యూజు పీకి చూసింది. "ఇది కార్లలో వేసేది. లిథియం తోసే కరెంటుకి లోపలి తీగ తెగినా నిప్పు దాన్ని దాటి పోతూనే ఉంటుంది." సంచిలోంచి లావుపాటి పింగాణీ ఫ్యూజు తీసింది. "దీంట్లో ఇసుకుంటుంది. నిప్పుని మింగేస్తుంది."

"ఎంతది వెయ్యాలి?"

"మిషన్ లాగే కరెంటుకి పైన, కేబుల్ మోసే కరెంటుకి లోపు. కాలిపోతోందని పెద్దది వేశావో, ఫ్యూజు బదులు ఇల్లు కాలుతుంది."

ఈసారి ఫ్యూజు ప్లస్ టెర్మినల్ మీదే కూర్చుంది. కొత్త కేబుల్ అక్కణ్ణించి మొదలై, ఏ ఇనుమునీ తాకకుండా గోడవెంట వెళ్లింది.

"వెయ్యి బావా."

మొహం పక్కకి తిప్పి స్విచ్ వేశాడు. పక్కగదిలో మిషన్ బుస్సుమంది.

"ఏంటల్లుడూ, నా గాలి మీద పడ్డావ్?" అత్త అడిగింది.

"ఏం లేదత్తా," అన్నాడు. లోపలికెళ్లి, ఆమె వద్దంటున్నా వినకుండా, మంచాన్ని అవతలి గోడకి లాగాడు.