ముందు సీటు

మా తోడికోడలు ఈ ఇంటికి వచ్చి ఏడాది తిరక్కుండానే అందరినీ బుట్టలో వేసుకుంది. పోనీలే అని ఊరుకున్నాను. వంటిల్లు ఏలుకో తల్లీ, టీవీ రిమోటు ఏలుకో, నాకేం! కారు జోలికి మాత్రం రాకు.

కారు మా అత్తయ్యది. తాళం ఆవిడ దిండు కిందే ఉంటుంది. ప్రతి గురువారం మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసి నా చేతిలో పెడుతుంది. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడే మనిషి, ముందు సీట్లో నా పక్కన కూర్చుందంటే చాలు, దారి పొడుగునా మనసు విప్పి మాట్లాడుతుంది. మా అమ్మ పోయాక నన్ను ‘ఏమే’ అని పిలిచే మనిషి ఆవిడొక్కతే. చిన్నకోడలిని మాత్రం ‘అమ్మాయ్’ అంటుంది. ఆ తేడా చూసుకునే నేను బతుకుతున్నాను.

అందుకే ఆ కారుని కంటికి రెప్పలా చూసుకున్నాను. బ్యాటరీ సంగతి మరీను. నెలనెలా మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాను. టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్ళూ వంటసోడాతో కడిగి, తుడిచి, వైర్ల క్లాంపులు గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన పలచగా గ్రీజు పూస్తాను. మా ఆయన చూసి, “పసిపిల్లకి కూడా ఇంత సేవ చెయ్యరు” అని ఎగతాళి చేసేవాడు.

ఆ బుధవారం కూడా అదే పనిలో ఉన్నాను. వంటింటి కిటికీలోంచి ఒకటే నవ్వులు. అత్తయ్య, చిన్నది. ఏముందమ్మా అంత నవ్వడానికి! ఇన్నేళ్ళలో ఆవిడని నేను అలా నవ్వించలేకపోయాను. నా చెవులు అక్కడ, చేతులు ఇక్కడ. కడుపు మండిపోతుంటే పని ఎలాగో ముగించి బానెట్ దభీమని మూసేశాను.

మర్నాడు అత్తయ్యని ఎక్కించుకుని తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ టక్.

“బ్యాటరీ పోయినట్టుంది అత్తయ్యా, మెకానిక్‌ని పిలుచుకొస్తాను” అని వీధి చివరికి పరుగెత్తాను. షెడ్డు షట్టరు వేసి ఉంది. అతను ఎప్పుడు తీస్తాడా అని అక్కడే కాపు కాసి, విసిగి, కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చేసరికి ఏముంది! చిన్నది షాపుకి ఫోన్ చేసి కొత్త బ్యాటరీ తెప్పించి, తనే స్పానర్ పట్టుకుని బిగించేసింది. ఇంజను హాయిగా నడుస్తోంది. స్టీరింగు ముందు తను, పక్కన మా అత్తయ్య.

“చూశావుటే, మన చిన్నది ఎంత గట్టిదో! వచ్చేవారం కూడా నువ్వే తీసుకెళ్ళు అమ్మాయ్” అంది అత్తయ్య. వెళ్ళిపోయారు. గేటు దగ్గర నేనూ పాత బ్యాటరీ మిగిలాం.

వారమంతా తిండి సయించలేదు. నేను సాకిన బ్యాటరీ చెప్పాపెట్టకుండా పోవడమేమిటి? అనుమానం వదల్లేదు. గురువారం తెల్లవారగానే వోల్టు మీటరు పెట్టి చూశాను. పోవడమా, నా మొహమా! నిక్షేపంలా ఉంది. ఇక ఆగుతానా? నడుం పట్టేస్తున్నా లెక్కచెయ్యక దాన్ని హాల్లోకి మోసుకొచ్చి, అత్తయ్య ముందు దబ్బున దించాను.

“చూడండత్తయ్యా! బంగారంలాంటి బ్యాటరీ. మీ గట్టి కోడలు అనవసరంగా మార్పించింది.”

అత్తయ్య అద్దాలు సర్దుకుంది. “మరి ఆ రోజు కారెందుకు కదల్లేదే?”

జవాబు చెబుదామని నోరు తెరిచాను. బ్యాటరీ మీద ఆనించిన వేళ్ళకి జిడ్డుగా తగిలింది. వంగి చూశాను. టెర్మినళ్ళ చుట్టూ, క్లాంపు పట్టే చోటంతా గ్రీజు, మందంగా, మట్టసంగా. బిగించాక పైన పూయాల్సింది, ఆ నవ్వులు వింటూ ముందే మెత్తేశాను. దాని మీద క్లాంపు జారిపోయి వదులుగా కూర్చుంది. ఇక కరెంటు ఎక్కడ పారుతుంది?

“నాదే పొరపాటు అత్తయ్యా” అంది చిన్నది గబగబా. “తెలియక తొందరపడ్డాను. అక్కని అడగాల్సింది. తాళం అక్కకే ఇచ్చెయ్యండి.”

నా కళ్ళలోకి చూడకుండా అంది. అంటే ఆ రోజే తనకి తెలుసు. గుడ్డతో తుడిచి మళ్ళీ బిగిస్తే సరిపోయేది. అత్తయ్య పక్కనే ఉందని, నా పరువు పోకూడదని, కొత్తది తెప్పించింది. ఛీ, మంచితనంలో కూడా ఇదే నన్ను మించిపోవాలా!

తాళం ఉన్న చెయ్యి నా వైపు చాచింది అత్తయ్య. తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ దీని దయ మీద నేను ముందు సీట్లో కూర్చోవాలా? అంతకన్నా తిట్లు తినడం నయం.

“అది అబద్ధం చెబుతోంది అత్తయ్యా. తప్పు నాది. గ్రీజు ముందే మెత్తేశాను. మీరిద్దరూ నవ్వుకుంటుంటే ఓర్వలేక, ఏం చేస్తున్నానో చూసుకోలేదు.”

అత్తయ్య గ్రీజుని వేలితో తీసి చూసింది. “ఓసి నీ దుంపతెగ! ఇంత గ్రీజు నా మోకాళ్ళకి పెట్టుంటే డాక్టరుతో పనే లేకపోను.” తాళం చిన్నదానికి ఇచ్చేసింది. “పద అమ్మాయ్, టైమవుతోంది. నువ్వూ రావే.”

వెనక సీట్లో కూలబడ్డాను. ఆ సీట్లోంచి దారి ఎలా ఉంటుందో నాకు తెలియదు. చిన్నది ముందు తలుపు తీసి పట్టుకుంది. అత్తయ్య ఆ తలుపు దాటుకుని, మెల్లగా కుంటుకుంటూ వెనక్కి వచ్చింది.

“ఏమే, కాస్త జరుగు.”

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గేటు దాటకముందే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, వారం రోజులుగా దాచుకున్న కబుర్లన్నీ మొదలుపెట్టింది. తలెత్తితే వెనక చూసే అద్దంలో చిన్నదాని కళ్ళు కనబడ్డాయి, మా ఇద్దరి మీదే ఉన్నాయి. పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ చూపు నాకు కొత్త కాదు.