అత్తగారు ఒప్పుకున్న ఎగిరే పాము

జంతుప్రదర్శనశాలలో పాములను చూసుకునే అల్లుడు, చూడవచ్చిన అత్తగారిని ఎగిరే పాము ఉన్న పెద్ద బోనులోకి తీసుకెళ్లాడు.

"పాము ఎగరడమేంటి నాయనా, మరీ కోతలు కాకపోతే!" అందావిడ.

"రెక్కలతో కాదండీ. పక్కటెముకలు చాచి, ఒళ్లు రిబ్బన్‌లా పలచన చేసుకుని, గాల్లో ఈదుకుంటూ దిగుతుంది."

పాము మాత్రం పైకొమ్మ మీద నుంచి కదల్లేదు. పరువు పోయేలా ఉందని అతను నిచ్చెనెక్కి కొమ్మ ఊపబోయి, కాలు జారి బురదలో బోర్లా పడ్డాడు. ఆ అదురుకు పాము బెదిరి దూకింది. మెలికలు తిరుగుతూ అతని మీదుగా తేలి, అవతలి చెట్టు కింది కొమ్మ మీద వాలింది.

"చూశారా అత్తయ్యా!" నొప్పి మరిచి అరిచాడతను.

"ఎక్కడ చూడను? నువ్వు జారగానే కళ్లు మూసుకున్నా."

అతను మూలుగుతూ లేచి మళ్లీ నిచ్చెన రెండు మెట్లెక్కాడు. ఆవిడ గబగబా అతని చొక్కా పట్టి లాగింది.

"ఎగురుతుంది నాయనా, ఒప్పుకున్నాను. నువ్వు దిగు!"