దయ్యం వెనక్కి పోయిన సాయంత్రం

డెబ్బై నాలుగులో వరంగల్ కొత్తవాడ నేతగాళ్ళు ‘దయ్యానికి జ్వరం’ అనే నాటకం ఆడారు. దయ్యంగా కైలాసం. దాన్ని వదిలించడానికి వచ్చి, జాలిపడి కషాయం కాచి తాగించే భూతవైద్యుడిగా పోశయ్య. మొదటిసారి సగం చాపలు ఖాళీ. తర్వాత మాత్రం జనం ఏటా అడిగి ఆడించుకున్నారు. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి కూడా వచ్చి, మాటలన్నీ నటులకంటే ముందే అనేవాళ్ళు.

ఎనభై నాలుగులో పోశయ్య చనిపోయాడు. నాటకం ఆగిపోయింది. రెండేళ్ళ తర్వాత జనం పోరు పడలేక కైలాసం రెండో భాగం రాశాడు. తనను తిట్టే వైద్యుడు లేక దిగులుపడ్డ దయ్యం రాట్నాన్ని ఎదురు తిప్పి, కాలంలో వెనక్కి, వైద్యుడున్న రోజులకు పోతుంది. పోశయ్యతో చాయ్ తాగుతూ మాటలు కట్టిన పొద్దులు రాస్తున్నంతసేపూ కైలాసం కళ్ళముందు తిరిగాయి. కానీ పోశయ్య వేసిన వైద్యుడి వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు.

సంగతి విని పోశయ్య భార్య యాదవ్వ వచ్చింది.

“నేను చేస్త.”

“జనం నవ్వుతరు, వదినె,” అన్నాడు కైలాసం.

“నవ్వాలెననే గదా ఆడేది! మగ్గం మీద ఆయన చదువుతాంటె వినీ వినీ నాకు నోటికొచ్చింది. జర ఆ తలపాగ ఇటియ్యి.”

ఆట రోజు సాయంత్రం కైలాసం రాట్నం తిప్పగానే తెర పక్కనుంచి దగ్గు వినిపించింది. అచ్చం పోశయ్య దగ్గు. తలపాగా, పెట్టుడు మీసంతో యాదవ్వ వచ్చి నిలబడింది.

“ఏ బద్మాష్ దయ్యం నన్ను పిలిచింది?”

కైలాసానికి తన మాట గుర్తురాలేదు. ముఖాన పూసిన తెల్లరంగు మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

యాదవ్వ అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. “అవ్వో! సచ్చినంక గూడ నీకీ ఏడుపు పోలేదారా?”

ఆ మాట కైలాసం రాసింది కాదు. జనం పడీపడీ నవ్వారు. కైలాసమూ నవ్వేశాడు. ఆపైన మాటలు వాటంతటవే వచ్చాయి.

చివర్లో దయ్యం తన కాలానికి తిరిగి పోవాలి. కైలాసం రాట్నం పట్టుకున్నాడు.

“పోకు! ఈడనే ఉండు!” ముందువరుసలో ముసలివాళ్ళు అరిచారు.

అతనికీ పోబుద్ధి కాలేదు.

“పో, కైలాసం,” అంది యాదవ్వ, ఈసారి తన సొంత గొంతుతో. “పొద్దుపోతాంది. ఇంటికాడ నీకోసం చూస్తాండ్రు.”

అతను రాట్నం తిప్పాడు. తెర పడేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది.