చేదు తీగ

తమ్ముడి పుచ్చతోట ఎండుతెగులు సోకి మొత్తం వాడిపోయింది. విత్తనాల మీద పరిశోధన చేసే అక్క, గట్టు మీద పెరిగే, ఆ తెగులు అంటని చేదు అడవి పుచ్చ పుప్పొడిని తీపి రకం పువ్వులకు అద్దింది. అలా పుట్టిన తీగలు అదే మట్టిలో పచ్చగా నిలిచాయి. తమ్ముడు సంబరంగా ఒక కాయ కోసి, ముక్క నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశాడు.

"అక్కా, ఇది పుచ్చకాయా, కషాయమా?"

"తీగ బతికింది కదరా! తీపి సంగతి నేను చూస్తాలే."

బతికిన తీగలను ఆమె ఏటా మళ్లీ తీపి రకంతో కలిపింది. ప్రతి కాయనూ తనే రుచి చూసింది. చాలా ఏళ్లకు ఒక వేసవిలో తమ్ముడు ముక్క కొరికి, వెంటనే ఇంకో ముక్క అందుకున్నాడు.

"గట్టు మీది అడవి తీగలు ఇక పీకేద్దామా?"

"వద్దురా. రేపు ఇంకో తెగులొస్తే మళ్లీ వాటి గడపే తొక్కాలి."

తమ్ముడు లేచి వెళ్లి వాటికీ నీళ్లు పెట్టాడు.