గుడ్ల నెలలో సర్వే

మా నది నాకు రెండు రకాలుగా తెలుసు. చిన్నప్పుడు పెదనాన్న పడవలోంచి, ఇప్పుడు దాని మీద కట్టబోయే ఆనకట్ట ఆఫీసులో నేను గీసే నక్షాలోంచి.

నక్షాలో అదొక నీలం గీత. నిజానికి కొండ మీద రాళ్ల సందుల్లోంచి చేతి మందాన బయలుదేరి, అడవిలో చెట్ల నీడన గులకరాళ్ల మీదుగా పారి, కొండ దిగాక వెడల్పై, కలప మిల్లు దగ్గర మలుపు తిరిగి సరస్సులో కలుస్తుంది. తొలి వానలు పడగానే ఎర్రతోక చేపలు సరస్సు నుంచి ఆ దారంతా ఎదురీదుకుంటూ అడవిలోకి వెళ్లి గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. ఆ నెల రోజులూ మా జాలర్లు వల ముట్టరు. కాపలా ఉండదు, జరిమానా ఉండదు. గుడ్లు పెట్టే చేపను పట్టేస్తే వచ్చే ఏడు తినేదేమిటో అందరికీ తెలుసు, అంతే. పాత వలలు బాగుచేసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఒడ్డున కూర్చుంటారు.

ఆనకట్ట కోసం నదిలో చేపల లెక్క తీసే సర్వే వాళ్లు సరిగ్గా ఆ నెలలోనే ఊడిపడ్డారు. జీపు దిగి, బూట్లు తడవకుండా దూరంగా నిలబడి, ఈ వారం ఎన్ని చేపలు పట్టావని పెదనాన్నను అడిగారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, పైగా అబద్ధం రాదు. ఒక్కటీ పట్టలేదన్నాడు. ఎందుకని వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. తూతూమంత్రంగా ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుని జీపెక్కేశారు.

వారం తిరక్కుండానే ఆ నివేదిక నా బల్ల మీదికి వచ్చింది. నదిలో చేపలు లేవట. కాబట్టి ఆనకట్ట పక్కన చేపలు ఎక్కిపోవడానికి నేను గీసిన నీటి మెట్లు తీసేసి, కొత్త నక్షా గీసి సంతకం పెట్టాలట. అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టకుండా వదిలేసిన చేపలన్నీ వీళ్లకు లేని చేపలైపోయాయి. మెట్లు లేకపోతే ఎర్రతోకలు ఆనకట్ట గోడకు తల బాదుకుని చావాలి. నాలుగేళ్లలో నది ఖాళీ.

ఇంజినీరు గారికి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విని, మా పెదనాన్న మాట మారుస్తున్నాడని తేల్చేశాడు. చేప ఉంటే సోమవారం తెచ్చి చూపించమన్నాడు.

ఇంటికెళ్లి పెదనాన్న మీద విరుచుకుపడ్డాను. ఎందుకు పట్టలేదో ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేదని అడిగాను. ఆయన కుడుతున్న వల పక్కన పెట్టాడు.

"చేప గుడ్లు పెట్టే నెల ఏదో తెలియనివాళ్లు నది మీద సర్వేకి వస్తారని నేనేమైనా కలగన్నానా తల్లీ?" అన్నాడు.

సోమవారం పొద్దున్నే బకెట్ నీళ్లలో ఎర్రతోకను పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్లలో ఆ నెలలో ఆయన వల ముట్టడం అదే మొదటిసారి. చూపించేసి మళ్లీ నదిలో వదలాలని ఆయన ఆశ. ఇంజినీరు గారు మీటింగులో ఉన్నారని బంట్రోతు బెంచీ చూపించాడు. ఆ మీటింగేమిటో అద్దం తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. టీ, బిస్కెట్లు, ఎవరో కొన్న కొత్త కారు గురించి కబుర్లు. రెండుసార్లు లోపలికెళ్లి చెప్పాను. రెండుసార్లూ చెయ్యి ఊపి పంపేశాడు. బకెట్లో నీళ్లు మారుస్తూనే ఉన్నాను కానీ, పారే నీళ్లలో పెరిగిన చేప కొళాయి నీళ్లలో ఎంతసేపని ఉంటుంది? మధ్యాహ్నానికి తేలిపోయింది. పెదనాన్న దాని మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

అప్పుడు పిలిచాడు మహానుభావుడు. బకెట్లోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు.

"చచ్చిన చేప బజార్లోనూ దొరుకుతుంది. అయినా ఒక్క చేప కోసం మెట్లు కట్టాలా?" అన్నాడు.

పెదనాన్న చేపను తీసి బల్ల మీదున్న సర్వే నివేదిక మీద పెట్టాడు. బొటనవేలితో పొట్టను మెల్లగా తోకవైపు నిమిరాడు. గుడ్లు వచ్చాయి. పసుపుపచ్చగా, ఆవగింజలంత, వందలు, ఆ తర్వాత వేలు. కాగితం నిండిపోయి బల్ల మీదికి జారాయి.

"ఒక్కటి కాదయ్యా, లెక్కపెట్టి రాసుకోండి," అన్నాడు. "వీటన్నిటినీ నా చేత చంపించారు."

ఇంజినీరు బంట్రోతును కేకేశాడు. అతను గుడ్డ తెచ్చాడు. నేను బల్లకు అడ్డంగా నిలబడి తుడవనివ్వలేదు. ఆ లెక్క తేలేదాకా మెట్లు లేని నక్షా నా చేత్తో గియ్యనని చెప్పాను.